మూడు పాయింట్లు తీసుకోవాల్సిందా? డ్యాన్ క్యాంబెల్ ఫోర్త్ డౌన్ పంచాయితీ

నోవీ_నివాసి:
అమెరికన్ ఫుట్‌బాల్‌లో మా డెట్రాయిట్ లయన్స్ ఫిలడెల్ఫియా ఈగల్స్ చేతిలో 16-9తో ఓడింది. ఐదు సార్లు ఫోర్త్ డౌన్ ఆడాం, ఐదూ పోయాయి. 2025 నవంబర్ 16 రాత్రి మ్యాచ్ అయ్యేసరికి మా మిషిగన్ వాట్సాప్ గ్రూపుల్లో కోచ్ క్యాంబెల్‌ని ఉతికి ఆరేశారు. సరిగ్గా వారం ముందు, ప్లే కాలింగ్ (ప్రతిసారీ ఏ ఆట ఆడాలో చెప్పే పని) తన చేతిలోకి తీసుకుని వాషింగ్టన్ మీద 44-22తో గెలిచినప్పుడు ఇదే గ్రూపుల్లో ఇదే జనం మొనగాడు అన్నారు. వారంలో మనిషి మారిపోయాడా?

లయన్స్ గోల తెలియని వాళ్ల కోసం రెండు ముక్కలు. నాలుగు ప్రయత్నాల్లో (ఒక్కో ప్రయత్నం ఒక డౌన్) పది గజాలు ముందుకెళ్లాలి. మూడింట్లో కాకపోతే నాలుగోసారి మామూలుగా బంతిని దూరంగా తన్నేసి (అదే పంట్) అవతలి వాళ్లకి అప్పగిస్తారు, లేదా స్తంభాలు దగ్గర్లో ఉంటే ఫీల్డ్ గోల్ కొట్టి మూడు పాయింట్లు తీసుకుంటారు. రెండూ కాదని ఆడి, ఆ గజాలు అందకపోతే బంతి అక్కడికక్కడే వాళ్లది. కబడ్డీలో డూ ఆర్ డై రైడ్ లాంటిదే, కాకపోతే ఇక్కడ వెళ్లాలా వద్దా అన్నది కోచ్ ఇష్టం. క్యాంబెల్ ఎక్కువసార్లు వెళ్తాడు.

నేనైతే ఆయన వైపే. 2008లో 16 మ్యాచ్‌లూ ఓడిన టీమ్ ఇది. 1992 జనవరి తర్వాత మళ్లీ ప్లేఆఫ్ గెలుపు చూడటానికి 32 ఏళ్లు పట్టింది. ఆయన వచ్చిన 2021లో 3 గెలుపులు, 13 ఓటములు, ఒక టై. 2023లో 12-5, 2024లో 15-2. 2023 మొదటి మ్యాచ్‌లో, ఛాంపియన్లయిన కాన్సస్ సిటీ సొంత మైదానంలో, మన 17 గజాల గీత దగ్గర పంట్ కొడుతున్నట్టు నటించి పరిగెత్తించాడు. 21-20తో గెలిచాం. ఆ రోజు పిచ్చోడని ఎవరైనా అన్నారా?

కాంటన్_బాబాయ్:
నేనన్నాను. మా ఇంట్లో అందరికీ వినపడేలా అన్నాను. గెలిచాం కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

నాగరాజు కొడుకు తాగి బండి నడిపి క్షేమంగా ఇల్లు చేరాడనుకోండి, వాడు మంచి డ్రైవరని అంటామా? కాన్సస్ సిటీ కథ అదే. అదే సంవత్సరం థ్యాంక్స్‌గివింగ్ రోజు గ్రీన్ బే మీద మన 23 గజాల దగ్గర అదే దొంగ పంట్ వేసి బోల్తా పడ్డాం, 29-22తో ఓడాం. దాని సంగతి నోవీ తమ్ముడు చెప్పడేం?

అసలు గాయం ఇది కాదు. 2024 జనవరి 28, శాంటా క్లారా, గెలిస్తే సూపర్ బౌల్ ఫైనల్‌కి వెళ్లే మ్యాచ్‌లో శాన్ ఫ్రాన్సిస్కో 49ers చేతిలో 34-31 ఓటమి. దాని గురించి మాట్లాడదాం.

శాంటాక్లారా_శీను:
హహ, పిలిచారా బాబాయ్ గారూ. ఆ రోజు నేను లీవైస్ స్టేడియంలోనే ఉన్నాను. ఫస్టాఫ్ అయ్యేసరికి లయన్స్ 24, మావాళ్లు 7. నా పక్కనున్నాయన పార్కింగ్‌లో ట్రాఫిక్ పెరగకముందే వెళ్లిపోదామని భార్యతో గొడవ. నేనూ జాకెట్ జిప్ పెట్టేశాను, నిజం చెప్తున్నా.

తిరిగొచ్చాక మావాళ్లు ఒక ఫీల్డ్ గోల్ కొట్టారు, 24-10. లయన్స్ మళ్లీ నడుచుకుంటూ మా 28 గజాల దాకా వచ్చేశారు. నాలుగోది, ఇంకా రెండు గజాలు కావాలి. అందరం కిక్కర్ వస్తాడనుకున్నాం. రాలేదు. వాళ్ల క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరేవాడు) గోఫ్ అక్కడే నిలబడ్డాడు. అప్పటిదాకా చచ్చినట్టు కూర్చున్న స్టేడియం లేచింది, పక్కవాడి మాట వినపడనంత గోల. బంతి వాళ్ల రెనాల్డ్స్ చేతుల్లోకే వెళ్లింది, వదిలేశాడు.

ఆ తర్వాత మా క్వార్టర్‌బ్యాక్ పర్డీ విసిరిన బంతి లయన్స్ డిఫెండర్ విల్డార్ హెల్మెట్‌కి తగిలి ఎగిరి మా అయ్యూక్ చేతిలో పడటం, 51 గజాలు... అది దేవుడి పని, కోచ్ పని కాదు. కానీ స్టేడియాన్ని లేపింది మాత్రం క్యాంబెలే. మూడు తీసుకుని ఉంటే 27-10. నా పక్కాయన భార్యని తీసుకుని వెళ్లిపోయేవాడు.

కాంటన్_బాబాయ్:
అదీ మాట! 14 పాయింట్ల తేడా అంటే వాళ్లకి రెండు టచ్‌డౌన్‌లు (బంతిని చివరి గీత దాటిస్తే, అదనపు కిక్‌తో కలిపి ఏడు) చాలు. 17 అంటే మూడుసార్లు స్కోరు చేయాలి. ఇంత చిన్న లెక్క. మా బేస్‌మెంట్‌లో ఆ రోజు ముప్పై మంది ఉన్నాం, అల్యూమినియం ట్రేల్లో బిర్యానీ, పిల్లలు లయన్స్ జెర్సీల్లో సోఫాలెక్కి డ్యాన్సు. నేను టీవీకి దగ్గరగా వెళ్లి "తీసుకోరా నాయనా మూడు, తీసుకో" అంటూనే ఉన్నాను. బంతి నేల మీద పడ్డాక మా బావమరిది సౌండ్ తగ్గించాడు. ఎందుకు తగ్గించాడో ఇప్పటికీ తెలియదు.

లెక్కల_లక్ష్మి:
బాబాయ్ గారూ, చిన్న లెక్క అన్నారు కాబట్టి వస్తున్నాను. (బెల్‌వ్యూ నుంచి, సియాటెల్ సీహాక్స్ టీమ్ మనిషిని, ఎవరి వైపూ కాదు.)

"మూడు తీసుకో" అన్నప్పుడు ఆ మూడు బల్ల మీద పెట్టి ఉన్నట్టు మాట్లాడతాం. అది సుమారు 46 గజాల కిక్. లీగ్ మొత్తం మీద అంత దూరం నుంచి నాలుగింట్లో మూడు పడతాయి, ఒకటి పోతుంది. పైగా కిక్కర్ బ్యాడ్జ్లీ ఆ సీజన్ చివర్లో వచ్చినవాడు, క్యాంబెల్‌కి అతని మీద ఎంత నమ్మకముందో మనకి తెలియదు. కిక్ పోతే 24-10 అలాగే ఉంటుంది, బంతి కూడా వాళ్లదే, తన్నిన చోటి నుంచి, అంటే ఇంకో ఏడెనిమిది గజాలు వాళ్లకి కలిసొస్తాయి. ఇటు రెండు గజాలు అందుకునే అవకాశం సగానికి కాస్త పైన. అందితే టచ్‌డౌన్ దాకా దారి, గడియారం కూడా కరుగుతుంది. ఇవన్నీ కలిపి చూసిన మోడళ్లు చాలావరకు ఆడటం వైపే మొగ్గాయి, కానీ కొద్ది తేడాతోనే. అంత దగ్గర నిర్ణయాన్ని పట్టుకుని మనిషిని మూర్ఖుడనటం నాకు అర్థం కాదు.

బర్కిలీ ఆర్థికవేత్త డేవిడ్ రోమర్ 2006లోనే చూపించాడు, కోచ్‌లు ఆడాల్సిన చోట తన్నేస్తున్నారని. కారణం నా ఉద్దేశంలో సులువు. తన్ని ఓడిపోతే టీమ్ ఓడింది అంటారు, ఆడి ఓడిపోతే కోచ్ ఓడగొట్టాడు అంటారు. ఉద్యోగం పోతుందన్న భయం ఎవరికుండదు?

నోవీ_నివాసి:
లక్ష్మి గారికి దండం. హైదరాబాద్‌లో ప్లాటు కొనేటప్పుడు రెండు గజాలు తక్కువొస్తే రిజిస్ట్రేషన్ ఆపేస్తాం, ఇక్కడ రెండు గజాలకోసం పోరాడితే తప్పా? 🙂

తెల్లారుజాము_ఫ్యాన్:
హైదరాబాద్ పేరొచ్చింది కాబట్టి. ఆ రోజు ఇక్కడ 29, సోమవారం, ఐదింటికి అలారం పెట్టుకుని చూశాను, తొమ్మిదింటికి ఆఫీసు. క్రికెట్ బుర్ర నాది, ఒక డౌటు. మొదటిది వదిలేయండి. తర్వాత 27-24తో వెనకబడ్డాక, ఏడున్నర నిమిషాలున్నప్పుడు, మళ్లీ వాళ్ల 30 దగ్గర నాలుగోది మూడు గజాలు. కిక్ కొడితే స్కోరు సమం. అప్పుడూ ఆడారు, అప్పుడూ పోయింది. ముందున్నప్పుడు ఆడటం వేరు, సమం చేసే ఛాన్సు ఎదురుగా ఉన్నప్పుడు ఆడటం వేరు కదా? ఊపు మొత్తం అవతలి వైపు ఉంది, కాస్త ఊపిరి పీల్చుకోవాలి కదా?

కాంటన్_బాబాయ్:
ఈ అబ్బాయికి ఆట తెలుసు.

లెక్కల_లక్ష్మి:
ఆ రెండోదే నాకూ మింగుడు పడదు, ఒప్పుకుంటాను. లెక్క ప్రకారం అదీ దగ్గర దగ్గరే. కాకపోతే మొదటిసారి పోయిందన్న విషయం రెండోసారి లెక్కలోకి రాకూడదు, అందరం తెచ్చేది దాన్నే. "ఊపు" అనే మాట మాత్రం నాకు చిరాకు. లయన్స్ ఆటగాడు గిబ్స్ చేతిలోంచి బంతి జారడం ఊపు కాదు, బంతి జారడం.

శాంటాక్లారా_శీను:
మేడమ్, మీరు ఆ రోజు స్టేడియంలో ఉండి ఉంటే ఊపు లేదని అనేవారు కాదు. సుమారు పన్నెండు నిమిషాల ఆటలో 24-7 నుంచి సమానం అవటం నా చెవులతో విన్నాను.

సరే, మా కోచ్ సంగతి కూడా చెప్పుకుందాం, నిజాయితీగా. సరిగ్గా రెండు వారాల తర్వాత వేగస్‌లో సూపర్ బౌల్, ఎక్స్‌ట్రా టైమ్. కాన్సస్ సిటీ 9 గజాల దగ్గర మాకు నాలుగోది, నాలుగు గజాలు. మా కోచ్ షానహాన్ బుద్ధిమంతుడిలా ఫీల్డ్ గోల్ తీసుకున్నాడు, 22-19. వాళ్ల క్వార్టర్‌బ్యాక్ మహోమ్స్ చేతికి బంతిచ్చి మూడు పాయింట్ల ఆధిక్యం! 25-22, ఇంటికి. ఇదే షానహాన్ 2017 ఫిబ్రవరి సూపర్ బౌల్‌లో అట్లాంటా టీమ్‌కి ప్లే కాలింగ్ చేస్తూ 28-20తో ముందుండి, న్యూ ఇంగ్లండ్ 22 గజాల దాకా వచ్చి, మూడు సార్లు బంతి పట్టుకుని నేల మీద పడుకుంటే ఫీల్డ్ గోల్ గ్యారంటీ అన్నంత దగ్గర్లో, పాస్ వేయబోయి శాక్ తిని (బంతి విసరకముందే పట్టుబడి), పెనాల్టీ తిని, వెనక్కి పోయి పంట్ కొట్టాడు. తెగువతో ఒకటి, జాగ్రత్తతో ఒకటి, రెండు సూపర్ బౌల్స్ పోయాయి. మాకు ఇంకేం మిగిలింది చెప్పండి.

తెల్లారుజాము_ఫ్యాన్:
అన్నా, ఇది చదివి నవ్వాలో ఏడవాలో తెలియట్లేదు.

నోవీ_నివాసి:
ఇక్కడ అందరూ ఒకటి మర్చిపోతున్నారు. ఆడాలా వద్దా అనే నిర్ణయం వేరు, ఏ ఆట ఆడాలి అనేది వేరు. శాంటా క్లారాలో నిర్ణయం క్యాంబెల్‌ది, ప్లే కాలింగ్ బెన్ జాన్సన్‌ది. రెనాల్డ్స్ చేతుల్లో పడింది అంటే పిలిచిన ఆట బాగానే పనిచేసింది అని అర్థం, అది పట్టి ఉంటే ఈ పంచాయితీయే లేదు. 2025లో జాన్సన్ చికాగో బేర్స్‌కి హెడ్ కోచ్‌గా వెళ్లిపోయాడు. ఈగల్స్ మ్యాచ్‌కి నిర్ణయమూ ఆటా రెండూ క్యాంబెల్ తలకాయలోనే ఉన్నాయి. ఫిలడెల్ఫియాలో ఐదుకి సున్నా వచ్చింది తెగువ వల్ల కాదు, వాళ్ల లైన్‌మన్లు చేతులెత్తి పాస్‌లు కొట్టేస్తుంటే మళ్లీ అదే రకం పాస్‌లు పిలవడం వల్ల. తప్పు పట్టాలనుకుంటే అక్కడ పట్టండి.

ఇంకోటి. శాంటా క్లారాలో అసలు తప్పు ఎవరూ మాట్లాడరు. చివర్లో 34-24, గీతకి ఒక్క గజం దూరంలో థర్డ్ డౌన్. పాస్ వేస్తే, పడకపోయినా గడియారం ఆగుతుంది. మావాళ్లు బంతిని మాంట్‌గోమరీకిచ్చి పరిగెత్తించారు. రెండు గజాలు వెనక్కి పోయి, గడియారం ఆపడానికి ఒక టైమ్ అవుట్ కాలిపోయింది. తర్వాత టచ్‌డౌన్ వచ్చింది, 34-31 అయింది, కానీ ఆన్‌సైడ్ కిక్ (స్కోరయ్యాక బంతి మళ్లీ తామే పట్టుకోవాలని తన్నే పొట్టి కిక్) దక్కకపోతే బంతి మళ్లీ తెచ్చుకోవడానికి చేతిలో టైమ్ అవుట్లు చాలలేదు. మీరు మూడు పాయింట్లంటారు, నాకు కలలోకి వచ్చేది ఆ టైమ్ అవుట్.

లెక్కల_లక్ష్మి:
ఒక గజం దగ్గర పాసా, పరుగా అనే చర్చ సీహాక్స్ మనుషుల ముందు పెట్టకండి. 2015 ఫిబ్రవరి సూపర్ బౌల్‌లో ఒక గజం దగ్గర పాస్ వేసి ఓడినప్పటి నుంచి మా ఇంట్లో అది నిషేధం.

కానీ నోవీ గారు చెప్పింది కరెక్ట్. అది పచ్చి తప్పు. లెక్క దగ్గర దగ్గర కూడా కాదు.

కాంటన్_బాబాయ్:
అది తప్పే, కాదనను. కానీ తమ్ముడూ, మీరందరూ మోడల్ మోడల్ అంటారు. ఫస్టాఫ్ చివర ఏడు సెకన్లుండగా మూడు గజాల దగ్గర ఫోర్త్ డౌన్ వస్తే ఈ వీరుడే చక్కగా ఫీల్డ్ గోల్ తీసుకున్నాడు, అందుకే కదా 24-7. 21-7తో ఉన్నప్పుడు మూడు ముద్దొచ్చాయి. 24-10తో చేదయ్యాయి. ఇది లెక్కా, మనిషి ఆ క్షణంలో ఎలా ఉన్నాడన్నదా?

మ్యాచ్ అయ్యాక ఆయన ప్రెస్ ముందు ఆ నిర్ణయాలకి విచారించడం లేదన్నాడు, తిట్లు పడతాయని తెలుసన్నాడు. అందుకు గౌరవం ఉంది. మా వీధిలో సగం మంది ఇప్పటికీ ఆ మనిషి కోసం గోడ గుద్దేస్తారు. నేనూ మన స్టేడియం ఫోర్డ్ ఫీల్డ్‌కి వెళ్తే గొంతు పోయేలా అరుస్తాను. అయినా తీసుకోవాల్సింది.

నోవీ_నివాసి:
బాబాయ్, ఆ ఫస్టాఫ్ పాయింట్‌కి నా దగ్గర జవాబు లేదు. ఏడు సెకన్లే ఉన్నాయి కాబట్టి అంటాను, మీరు ఒప్పుకోరు.

కాంటన్_బాబాయ్:
ఒప్పుకోను. వచ్చే గురువారం థ్యాంక్స్‌గివింగ్, గ్రీన్ బే మ్యాచ్ మా బేస్‌మెంట్‌లోనే, పిల్లల్ని తీసుకుని పదకొండింటికల్లా వచ్చేయండి. మీ పిన్ని పులిహోర చేస్తోంది. రిమోట్ మాత్రం నా దగ్గరే ఉంటుంది, ఫోర్త్ డౌన్ వస్తే సౌండ్ ఈసారి నేను తగ్గిస్తాను.