తుపాకీ లైసెన్సులు బిగిస్తే దొంగ తుపాకులు ఆగుతాయా?

ప్రశ్న (అమలాపురం): మా తాతగారి డబుల్ బ్యారెల్ ఇప్పుడు నాన్నగారి లైసెన్సు మీద ఉంది, ఎన్నికలొచ్చినప్పుడల్లా గోనెసంచిలో చుట్టి స్టేషన్‌లో అప్పగించి రసీదు తెచ్చుకుంటాం. ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణతో మనిషికి మూడు తుపాకులు కాదు, రెండే అన్నారు. అటు పంజాబ్ సరిహద్దులో పాకిస్తాన్ నుంచి డ్రోన్లతో పిస్తోళ్లు జారవిడుస్తుంటే మనల్ని బిగించి ఏం లాభమండీ?

జవాబు (రాజోలు): ఆ సవరణలోనే ఆయుధాల అక్రమ రవాణాకి పదేళ్ల నుంచి యావజ్జీవం దాకా శిక్ష పెట్టారండి. మన ఒక్కళ్లనే బిగించలేదు.

జవాబు (భీమవరం, ఇప్పుడు డాలస్): నేనుండే టెక్సాస్ నుంచే మెక్సికోకి తుపాకులు పోతుంటాయి. అక్కడ సైన్యం నడిపే ఒకటి రెండు దుకాణాల్లో తప్ప చట్టప్రకారం కొనలేరు, ఇక్కడేమో ఏ కేసూ లేనివాడితో కొనిపించి కారు డిక్కీలో దాటించేస్తారు. మెక్సికో 2021లో అమెరికా తుపాకీ కంపెనీల మీద కేసు వేస్తే 2025 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు కొట్టేసింది. పక్కింట్లో గేటు తీసి ఉంటే మనింటి తాళం ఎంతవరకు ఆపుతుంది? అలాగని తాళం తీసేయమనను, ఇక్కడ బడికెళ్లే పిల్లలకి కాల్పుల డ్రిల్లు చేయిస్తారు, మా పాప బల్ల కింద ఎలా నక్కాలో చూపిస్తే నాకు అన్నం దిగలేదు.

ప్రశ్న అడిగినవారు: పాప సంగతి చదివి మనసు కలుక్కుమంది. తాతగారు తుపాకీ తుడిచేటప్పుడు మమ్మల్ని అరుగు దిగి పొమ్మనేవారు, తూటాలు వేరే బీరువాలో పెట్టేవారు. రసీదు గురించి ఇక గొడవపడను, డ్రోన్ల మాట మాత్రం వదలను.