అంబాసిడర్ డీజిల్ ట్యాపెట్లు ఇంట్లో సెట్ చేయొచ్చా?

ప్రశ్న (బెజవాడ): 1489 సీసీ బండి, ట్యాపెట్ల (వాల్వులకూ, వాటిని నొక్కే రాకర్ మీటలకూ మధ్య గ్యాప్) టకటక పెరిగింది. ఇంజిన్ చేత్తో తిరగట్లేదు. ఏ వాల్వు గ్యాప్ ఎప్పుడు చూడాలి?

జవాబు: పూర్తిగా చల్లారాక, న్యూట్రల్‌లో పెట్టి, హీటర్ ప్లగ్గులు (స్టార్టింగ్‌కి ముందు సిలిండర్లను వేడి చేసేవి) 4 విప్పేయండి. కంప్రెషన్ పోతుంది, తేలిగ్గా తిరుగుతుంది. ముందు నుంచి వాల్వులకు 1-8 అంకెలు వేసుకోండి. తెరుచుకున్న వాల్వు అంకె, చూడాల్సిన వాల్వు అంకె కూడితే 9 రావాలి: 8 పూర్తిగా తెరుచుకున్నప్పుడు 1 చూడాలి, 6 తెరుచుకుంటే 3. మాన్యువల్‌లో ఉన్న మందం ఫీలర్ (గ్యాప్ కొలిచే సన్నని రేకు) రాకర్‌కూ వాల్వుకూ మధ్య కాస్త పట్టుతో జారాలి. గ్యాప్ మార్చే స్క్రూ మీది లాక్‌నట్ బిగిస్తుంటే స్క్రూ కూడా తిరుగుతుంది, స్క్రూడ్రైవర్‌తో పట్టుకునే బిగించి, మళ్లీ కొలవండి.

ఇంకో జవాబు: ముందు రాకర్ మొనలు చూడండి గురూగారూ. అరిగి గుంట పడితే ఫీలర్ గుంట పైనుంచి పోతుంది, అసలు గ్యాప్ ఎక్కువే ఉండిపోతుంది. అప్పుడు రాకర్ మార్చడమే. చప్పుడు పోవాలని గ్యాప్ మాత్రం తగ్గించకండి: ఎగ్జాస్ట్ వాల్వు సీటు మీద కూర్చోక కాలిపోతుంది, పొద్దున్నే స్టార్టింగ్ ట్రబులూ మొదలు. రాకర్ల పైనుండే కవర్ ప్యాకింగ్ ఆటోనగర్‌లో కొత్తది తెచ్చుకున్నాకే విప్పండి.