గెంతులు లేని ఆన్‌లైన్ వ్యాయామం ఏదైనా ఉందా? (47 ఏళ్లు, 86 కిలోలు, మోకాలి నొప్పి)

నా ఎత్తు 155 సెంటీమీటర్లు, బీఎంఐ దాదాపు 36. థైరాయిడ్‌కి మాత్ర వాడుతున్నాను. షుగర్, బీపీ లేవు.

జూన్‌లో ఒక ఆన్‌లైన్ క్లాసులో చేరాను. పొద్దున్న 6 గంటలకు, 45 నిమిషాలు, వారానికి 5 రోజులు. తెర మీద ముప్పై మందిమి, నేను ఎలా వంగుతున్నానో టీచర్‌కి కనబడే అవకాశమే లేదు. మూడో వారంలో కుడి మోకాలి లోపలి వైపు నొప్పి మొదలైంది. జంపింగ్ జాక్స్, స్క్వాట్స్ చేసిన రోజు సాయంత్రం మెట్లు దిగుతుంటే ఎక్కువ, ఎక్కేటప్పుడు అంత ఉండదు. వాపు లేదు. ఎక్స్‌రే చూసి అరుగుదల ఇప్పుడిప్పుడే మొదలైందన్నారు డాక్టరు గారు. గెంతొద్దు, వ్యాయామం మాత్రం మానొద్దు అన్నారు. మరి ఏది చేయాలో చెప్పలేదు!

క్లాసు మానేసి, యూట్యూబ్‌లో ఉన్నచోటే నడిచే వీడియోలు రోజూ 30 నిమిషాలు ఆరు వారాలు చేశాను. నొప్పి రాలేదు, బరువు 600 గ్రాములే తగ్గింది. కుర్చీ వ్యాయామాలకి చెమట కూడా పట్టలేదు. చాప మీద చేసేవైతే, కింద కూర్చుని లేవడమే నాకో పెద్ద వ్యాయామం. రాత్రి అన్నం బదులు రెండు జొన్న రొట్టెలు తింటున్నాను. ఇంట్లో రెండు కిలోల డంబెల్స్, ఒక రబ్బరు బ్యాండ్ ఉన్నాయి.

ఇంచుమించు నా బరువుతో, మోకాలి నొప్పితో మొదలుపెట్టి కనీసం మూడు నెలలు ఆపకుండా చేయగలిగినవాళ్లు, మీరు ఏ రకం ఆన్‌లైన్ ప్రోగ్రామ్ చేశారు, వారానికి ఎన్ని నిమిషాలు?