ఆడిషన్‌కి వెళ్లాలంటే పరిషత్తు నటన మర్చిపోవాల్సిందేనా?

గుంటూరు బీకాం:

అందరికీ నమస్కారం. నాకు 24 ఏళ్లు. అరండల్‌పేటలో ఒక ఆడిటర్ దగ్గర పనిచేస్తున్నాను. డిగ్రీ రెండో ఏడాది నుంచి నాటికలు ఆడుతున్నాను, ఇప్పటికి ఏడయ్యాయి. పరిషత్తు నాటక పోటీల్లో రెండు జ్యూరీ బహుమతులు కూడా వచ్చాయి. ఏదైనా మంచి డ్రామా స్కూల్లో చేరి కుదురుగా నేర్చుకోవాలని కోరిక. నిరుడు ఒక పెద్ద స్కూలు ఆడిషన్‌కి వెళ్లి మొదటి వడపోతలోనే పోయాను. ఎలా పోయానో చెబితేగానీ నా ప్రశ్న అర్థం కాదు.

యుద్ధం అయిపోయాక ఒక సైనికుడు మాట్లాడే హిందీ ముక్క, నాలుగు నిమిషాలది, నెల రోజులు బట్టీ పట్టాను. బాగానే మొదలుపెట్టాను. నిమిషం కాకముందే ఆపమన్నారు. ‘నీ పక్కన పసిపాప నిద్రపోతోంది. పాప లేవకుండా ఇవే మాటలు చెప్పు’ అన్నారు. నేను గొంతు తగ్గించాను. తగ్గించాననే అనుకున్నాను. కానీ అది మన స్టేజీ గుసగుస. చివరి వరసలో వేరుశనక్కాయలు తినేవాడికి కూడా వినపడే గుసగుస. బల్ల వెనకాల కూర్చున్నాయన నవ్వి ‘బచ్చీ ఉఠ్ గయీ’ అన్నారు. పాప లేచిపోయిందట. అంతే, పంపించేశారు.

ఈసారి మళ్లీ ప్రయత్నిద్దామని విజయవాడలో ఒక మాస్టారి దగ్గర చేరాను. మూడు నెలలు, 35 వేలు. మొదటి రోజే ఆయన అన్నమాట: ‘పరిషత్తుల్లో నేర్చుకున్నదంతా మర్చిపో. అది నటన కాదు, కేకలు.’ నాకు నాటకం నేర్పిన తెనాలి గురువుగారికి ఈ సంగతి చెబితే రెండు రోజులు ఫోన్ ఎత్తలేదు. మూడో రోజు ఎత్తి ‘నీకున్న ఆస్తి ఆ గొంతొక్కటే. అదీ అమ్ముకుని రా’ అన్నారు.

ఎవరి మాట వినాలి?

కృష్ణలంక కృష్ణుడు:

బాబూ, నాకు 63. ముప్పై ఏళ్లు పద్యనాటకాల్లో కృష్ణుడి వేషం కట్టాను. కాంట్రాక్టు నాటకాలు, జాతరలు, శ్రీరామనవమి పందిళ్లు, ఎవరు పిలిస్తే వాళ్ల దగ్గరికి. రాత్రి పదింటికి తెర లేస్తే తెల్లవారుజామున దిగేది. రాయబారం సీను వచ్చేసరికి రెండవుతుంది. అప్పటికి సగం ఊరు పందిట్లోనే నిద్రపోయి ఉంటుంది. ఆ పడుకున్నవాణ్ణి లేపడం మా పని. పాపను లేపకుండా మాట్లాడటానికి స్కూలెందుకు, మా ఇంట్లో ఆడవాళ్లందరికీ వచ్చు.

ఒక పద్యం ఎత్తుకుంటే ఊపిరి ఎక్కడ తీయాలి, పాదం ఎక్కడ విరవాలి, హార్మోనియం శ్రుతికి గొంతు ఎక్కడ కలపాలి, రాగం తీస్తున్నంతసేపూ ఎదుటి పాత్ర మీద నుంచి చూపు జారిపోకుండా ఎలా పట్టుకోవాలి... ఇదంతా శిక్షణ కాదా? బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు గారు ఏ డ్రామా స్కూల్లో చదివారు? ఆడవేషాలు వేసి 1956లో పద్మశ్రీ తెచ్చుకున్నారు. (మన బెజవాడ ఎస్‌ఆర్‌ఆర్ కాలేజీలో ఎన్టీ రామారావు గారు మీసం తీయనని పట్టుబట్టి, అలాగే ఆడవేషం వేసి ‘మీసాల నాగమ్మ’ అనిపించుకున్నారు. అది వేరే కథ.) ఆంధ్ర నాటక కళా పరిషత్తు పుట్టిందే 1929లో, తెనాలిలో. అంత చరిత్రని ఒక్క మాటలో కేకలు అని తీసిపారేస్తాడా?

35 వేలు పుచ్చుకుని మర్చిపోవడం నేర్పుతాడా మీ మాస్టారు? ఈ వయసులో నాకు ఊరికే వస్తోంది. నీకూ వస్తుంది, కాస్త ఆగు.

లాంగ్‌టర్మ్ తండ్రి:

మా అమ్మాయిని మెడిసిన్ కోసం రెండుసార్లు లాంగ్‌టర్మ్‌కి పంపిన అనుభవంతో చెబుతున్నాను. ఢిల్లీ నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా (ఎన్‌ఎస్‌డీ)లో దేశం మొత్తానికి 32 సీట్లు. రాతపరీక్ష అయితే కీ వస్తుంది, ఎక్కడ తప్పామో తెలుస్తుంది. ఆడిషన్‌కి కీ ఎక్కడిది? కీ లేని పరీక్షకి కోచింగ్ ఏం చెబుతారో నాకు తెలియదు. బెజవాడలో బోర్డు పెడితే చాలు, దేనికైనా చేరేవాళ్లుంటారు. ఉద్యోగం మాత్రం మానకు బాబూ.

గచ్చిబౌలి రిటర్న్:

తమ్ముడూ, నేను హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో థియేటర్ ఆర్ట్స్ పీజీ చేసి మళ్లీ బెజవాడ వచ్చినవాణ్ణి. అంతకుముందు నేనూ పరిషత్తు సరుకే. గాంధీనగర్ హనుమంతరాయ గ్రంథాలయం స్టేజీ మీద నా చెప్పుల అరుగుదల ఇంకా ఉండే ఉంటుంది.

ముందు మీ మాస్టారి సంగతి. ఎన్‌ఎస్‌డీకి దరఖాస్తు చేయాలంటే డిగ్రీ ఒక్కటే చాలదు. కనీసం 6 నాటకాల్లో పాల్గొని ఉండాలి, రంగస్థలం తెలిసినవాళ్లు సిఫార్సు లేఖ ఇవ్వాలి. అవన్నీ మర్చిపోవాల్సిన చెత్తే అయితే ఆ ఆరూ అడగడం దేనికి? ఏమీ తెలియని ఖాళీ పలకలే కావాలంటే ఇంటర్ పిల్లల్ని తీసుకునేవాళ్లు.

ఇప్పుడు బాబాయ్ సంగతి. మీరు చెప్పిన ఊపిరి పాఠం నూటికి నూరుపాళ్లు నిజం. మాకు యూనివర్సిటీలో మొదటి సెమిస్టరంతా నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి గొంతు వదలమనేవాళ్లు. అందులో సగం నాకు పద్యం పాఠంలాగే అనిపించింది. కానీ తమ్ముడు పద్యనాటకం మనిషి కాదు, నాటిక మనిషి. రెంటికీ తేడా ఉంది.

మన నాటిక పెరిగింది మైకు కింద. పైనుంచి మూడో నాలుగో మైకులు వేలాడుతుంటాయి. డైలాగ్ వచ్చేసరికి నాలుగడుగులు వేసి వాటి కిందికి చేరాలి, మొహం జనం వైపు తిప్పాలి, చెప్పేసి వెనక్కి తగ్గాలి. భార్యతో పోట్లాడుతున్నా చూపు న్యాయనిర్ణేతల వైపే. టైము దాటితే మార్కులు పోతాయి కాబట్టి నోరు మూసుకుని కూర్చునే చోటు కథలో ఉండదు. ఇవేవీ మనకి ఎవరూ పాఠంగా చెప్పలేదు. ఒళ్లు దానంతటది నేర్చుకుంది. ఆడిషన్‌లో అడ్డం పడేది ఇది, గొంతు కాదు.

నిన్ను ఆపి, పాప నిద్రపోతోందని ఎందుకన్నారనుకుంటున్నావు? నువ్వు చేసింది బాగుందా లేదా అని కాదు. చెప్పింది విని మారగలవా అని. మూడేళ్లు తమ దగ్గర పెట్టుకోబోయే మనిషిలో వాళ్లకి కావాల్సింది అది. ఎన్‌ఎస్‌డీ మొదటి ఆడిషన్‌తో సరిపెట్టకుండా, నెగ్గినవాళ్లని ఢిల్లీ పిలిపించి కొన్ని రోజులు వర్క్‌షాప్ పెట్టేదీ ఇందుకే. నాలుగు నిమిషాల ముక్కని ఎవరైనా నూరిపోయవచ్చు. నాలుగు రోజులు పక్కవాళ్లతో కలిసి పనిచేస్తే దాచుకోవడం కష్టం.

ఒక్కటి నిజం చెప్పు. ఆ పాప ఉందన్న వైపు ఒక్కసారైనా చూశావా?

బాబాయ్, మీరు స్థానం వారి పేరు చెప్పారు, నేను ఆ కాలపు నటుడే బళ్ళారి రాఘవ గారి పేరు చెబుతాను. రాగాలు లాగడం కన్నా పాత్ర మనసు ముఖ్యమన్నది ఆయన. ఆయనా మనవాడే కదా. ఈ తగాదా ఢిల్లీ నుంచి వచ్చింది కాదు, మన ఇంట్లోదే.

కృష్ణలంక కృష్ణుడు:

రాఘవ గారు లాయరు. కోర్టులో రాగం తీస్తే జడ్జి ఊరుకోడు, అందుకే వచనం పట్టుకున్నారు. (నవ్వుతూనే అంటున్నాను, కొట్లాటకి రావద్దు.)

మైకు మాట మాత్రం నిజం. కాలర్ మైకులు వచ్చాక కూడా మా ధర్మరాజు పాత మైకు వేలాడే చోటికే వెళ్లి నిలబడి పద్యం ఎత్తుకునేవాడు. పైన ఏమీ ఉండేది కాదు. అది ఒప్పుకుంటాను. కేకలన్న మాట ఒప్పుకోను.

రెండో కథానాయిక:

మగవాళ్లంతా మర్చిపోవాలా వద్దా అని కొట్టుకుంటున్నారు. అసలు నేర్చుకోవడానికి అందరికీ సమానంగా దొరికినట్టు మాట్లాడుతున్నారు.

పరిషత్తుల్లో ఆడపాత్రలు వేసేవాళ్లం కొద్దిమందిమి. ఒకే సీజన్‌లో నాలుగు నాటక సమాజాలకి వేస్తాను. పారితోషికం ఇస్తారు, దాన్ని తప్పుపట్టను, ఇల్లు గడిచేదీ దాంతోనే. కానీ మగవాళ్లు నెల రోజులు రిహార్సల్ చేసుకుంటే నన్ను పిలిచేది చివరి రెండు రోజులకి. ఒకరోజు మాటలు, ఒకరోజు కదలికలు. ఊరు మారుతుంది, భర్త మారతాడు, ఏడుపు అదే. బాగా ఏడ్చానని ఉత్తమ నటి బహుమతి కూడా ఇచ్చారు.

నేనూ రెండేళ్ల కిందట ఒక స్కూలుకి వెళ్లాను. నా పాత్రల జాబితా చూసి ‘ఈ ఆరుగురు ఆడవాళ్లకీ తేడా ఏమిటి?’ అని అడిగారు. నేను చీరల రంగులు చెప్పాను. వాళ్లు నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

అందుకని ఆ మాస్టారి మాట కటువుగా ఉన్నా నా మటుకు నాకు పనికొచ్చేదే. ఆ ఏడుపు నేను మర్చిపోవాలి.

గచ్చిబౌలి రిటర్న్:

అక్కా, మీకు జరిగింది రిహార్సల్ ఇవ్వకపోవడం. అది సమాజాల తప్పు. దాన్ని నటన మీదికి నెట్టేస్తే ఎలా? మీకు నెల రోజులిచ్చి ఉంటే ఆరుగురూ ఆరు రకాలుగా వచ్చేవాళ్లు.

రెండో కథానాయిక:

తమ్ముడూ, ఆ మాట నీకు తెలిసింది యూనివర్సిటీకి వెళ్లొచ్చాక. ఇక్కడ ఉన్నప్పుడు నీ నాటికలో హీరోయిన్‌కి ఎన్ని రోజులు రిహార్సల్ ఇచ్చావు?

గచ్చిబౌలి రిటర్న్:

మూడు రోజులు. సరే అక్కా.

వన్‌టౌన్ హిందీ:

అందరూ గొంతు పట్టుకుని కూర్చున్నారు, భాష సంగతి ఎత్తరేం? ఎన్‌ఎస్‌డీలో పాఠాలు నడిచేది హిందీలో, ఇంగ్లీషులో. ఈ అబ్బాయి ముక్కని బట్టీ పట్టానని తనే చెప్పాడు. బట్టీ పట్టిన మాటకి ఒకే శ్రుతి ఉంటుంది. దాన్ని తగ్గించమంటే శబ్దం తగ్గుతుంది, అంతే. పాపకి చెప్పాల్సిన మాటగా మారాలంటే ముందు అది ఏం మాటో తెలియాలి కదా.

పైగా మనం ప్రతి మాటనీ అచ్చుతో ముగిస్తాం. ‘బాత్’ అనమంటే ‘బాతు’ అంటాం. సైనికుడు గంభీరంగా ‘బాతు సునో’ అంటే వాళ్లకి ఎలా వినపడుతుందో గానీ నాకైతే చెరువు కనపడుతుంది.

దీనికి 35 వేలు అక్కర్లేదు. వన్‌టౌన్‌కి రా, మార్వాడీల కొట్లున్నాయి. నెల రోజులు వారానికి రెండుసార్లు వెళ్లి హిందీలో బేరమాడు. కొనకపోయినా ఏమీ అనరు, నాలుగోసారి టీ కూడా ఇస్తారు. బేరమాడేటప్పుడు ఎవడూ మైకు కోసం వెతకడు.

ఇంకొకటి. ఒక్క తలుపు ముందే నిలబడకు. ఎన్‌ఎస్‌డీకే బెంగళూరులో కేంద్రం ఉంది, అక్కడ దక్షిణాది వాళ్లకి ఏడాది కోర్సు. పీజీ చేయాలనుకుంటే హైదరాబాద్ ఉంది, విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ ఉంది. తెలుగులో ఆలోచించి తెలుగులో ఆడే చోటు నీకు ముందు మేలేమో చూసుకో.

గుంటూరు బీకాం:

అన్నీ రెండేసిసార్లు చదివాను. గచ్చిబౌలి అన్నా, పాప వైపు చూడలేదు. బల్ల వైపే చూశాను. మీరు అడిగేదాకా ఆ సంగతి నాకు తట్టలేదు.

నిన్న రాత్రి మా అక్క కొడుకు నిద్రపోతుంటే పక్కన కూర్చుని అదే ముక్క తెలుగులో, నా సొంత మాటల్లో చెప్పి చూశాను. నాలుగు నిమిషాలది ఒకటిన్నర నిమిషంలో అయిపోయింది. ఎందుకంటే మిగతా మాటలకి నాకు అర్థమే తెలియదు. వాడు లేవలేదు. అక్క మాత్రం తలుపు దగ్గరికి వచ్చి ‘ఎవరితోరా మాట్లాడుతున్నావు, ఏమైంది?’ అని కంగారుగా అడిగింది. నాలుగేళ్లలో నా నటన చూసి కంగారుపడటం ఇదే మొదటిసారి.

చీరల రంగులు చెప్పిన అక్కా, నేనూ నా జాబితా తీసి చూశాను. ఏడింట్లో అయిదు ఉద్యోగం రాని పెద్దకొడుకు పాత్రలే. తేడా ఏమిటంటే నేనూ చొక్కాలే చెప్పాలి.

మాస్టారి క్లాసు నెలన్నర మిగిలింది. కట్టిన డబ్బు ఎలాగూ వెనక్కి రాదు, వెళతాను. కానీ ఆయన మళ్లీ కేకలు అంటే ఈసారి ఊరుకోను. ఏది కేకో, ఎందుకు కేకో చూపించమంటాను. గురువుగారికి కూడా ఫోన్ చేశాను. సిఫార్సు లేఖ ఆయన్నే ఇమ్మన్నాను. ‘చూద్దాం’ అన్నారు, అంటే ఇస్తారు.

కృష్ణలంక కృష్ణుడు:

ఆదివారం పొద్దున ఆరింటికి పద్మావతి ఘాట్‌కి రా. నీ ముక్క నాకు చెప్పు. మా మనవరాలు కూడా వస్తుంది. నిద్రపోదు, అదొక్కటే ఇబ్బంది.

గచ్చిబౌలి రిటర్న్:

నేనూ వస్తాను బాబాయ్. హార్మోనియం తేవద్దు.

కృష్ణలంక కృష్ణుడు:

తెస్తాను.

లాంగ్‌టర్మ్ తండ్రి:

ఆదివారమే కాబట్టి ఫర్వాలేదు. వెళ్లిరా బాబూ.