సమస్యాపూరణం (ఇచ్చిన పాదం చివర వచ్చేలా పద్యం పూర్తిచేయడం; రాసేవారివి కలం పేర్లు): "అప్పు తీర్చినంత నలిగె సఖుడు"

నిర్వాహకుడు: రాత్రి చాప్లిన్ 'సిటీ లైట్స్' (1931) మళ్లీ చూశాను. తాగినప్పుడు దేశదిమ్మరి చాప్లిన్‌ని కౌగిలించుకుని ప్రాణమిత్రుడా అంటాడు ఆ లక్షాధికారి, మత్తు దిగాక వీడెవడో నాకు తెలీదంటాడు. నవ్వుతూనే ఉన్నాను గానీ లోపల కలుక్కుమంది. అప్పుడు తట్టిన పాదం ఇది. సినిమా హాస్యంలో డబ్బు తేడా స్నేహాన్నీ కాపురాన్నీ పెట్టే ఇరకాటం మీద పూరించండి.

చాటువు:
చేయి చాచి నిలుచు స్నేహితు జూచుచు
మేడ మీద మురిసె మిత్రుడపుడు
సాటివాడె యగుచు సరిగ నిలువగానె
అప్పు తీర్చినంత నలిగె సఖుడు

ఇచ్చినవాడి సంతోషం వడ్డీలో లేదు, పైనుంచి కిందికి చూడటంలో ఉంది. అది పోయింది, అందుకే అలక.

గురులఘువు: భావం బాగుంది, మనస్ఫూర్తిగానే అంటున్నాను. కానీ 'నిలువగానె' తర్వాత 'అప్పు' అంటే విసంధి, అచ్చు సంధి కలవకుండా విడిగా నిలుస్తుంది. 'యప్పు' అనండి, యతికి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన జోడీ అక్షరానికి) ఢోకా లేదు. అన్నట్టు, పోయినసారి నా 'కలిమి కలిగినంత చెలిమి చెడెను' పాదంలో యతి లేదని గట్టిగా అన్నది మీరే. అది ప్రాసయతి, మొదటి అక్షరాలకు బదులు 'కలిమి', 'చెలిమి'లలో రెండో అక్షరాలు కలుస్తాయి, ఆటవెలదికి నిక్షేపంగా చెల్లుతుంది, మీరు ఇంతవరకూ ఆ మాట వెనక్కి తీసుకోలేదు.

చాటువు: 'యప్పు' అనే చదువుకోండి. ప్రాసయతి విషయంలో తప్పు నాదే. కానీ ఆ పద్యం నీతిబోధలా ఉంది, అందులో ఒక్క మనిషీ కనిపించడు అన్నాను చూశారా, ఆ మాట మీద ఇప్పటికీ ఉన్నాను.

మధుమాలతి: సఖుడంటే మీ అందరికీ స్నేహితుడే తోచాడు, నాకు మొగుడు కనిపించాడు.

తనదు జీతమిచ్చి తరుణి గుట్టుగ బోయి
మగని బాకి యెల్ల మాపి వచ్చె
పొంగిపోవు ననుచు బూబోణి తలపగా
నప్పు తీర్చినంత నలిగె సఖుడు

పద్యప్రియుడు: సఖుణ్ణి మొగుణ్ణి చేయడం అద్భుతం! పైగా 'నప్పు' అని ఎత్తుకున్నారు కాబట్టి 'నలిగె' అనీ చదవొచ్చు, పాపం నలిగిపోయాడు కూడా.

గురులఘువు: కుదరదు. 'నప్పు'లో నకారం ద్రుతం (ముందు పదం చివరి 'న్') తెచ్చింది, యతి దాని మీది 'అ' అనే అచ్చుకే. 'అలిగె' (తీర్చినంతన్ + అలిగె) అయితేనే నిలుస్తుంది.

మధుమాలతి: నేను 'అలిగె' అనే రాశాను. ఆమె రసీదు తెచ్చి చేతిలో పెడుతుంది, వాడు చదవకుండానే నాలుగు మడతలు పెట్టి జేబులో తోసి, గోడవైపు తిరిగి పడుకుంటాడు. తెర మీద అయితే హాలంతా నవ్వుతుంది, ఇంట్లో ఆ రాత్రి ఎంత పొడుగ్గా ఉంటుందో.

పద్యప్రియుడు: 'గుండమ్మ కథ' (1962) గుర్తొచ్చింది. డబ్బున్నవాడనుకుని చేసుకున్న మొగుడి వెంట సరోజ తోటపనికి దిగుతుంది. కానీ అక్కడ పేదరికం మొగుడు వేసుకున్న వేషం, మామగారి ఆస్తి ఎక్కడికీ పోలేదు. వేషం తీసేస్తే కాపురం చక్కబడిపోతుంది. మధుమాలతి గారి పద్యంలో తీసేయడానికి వేషమే లేదు, నాకు నచ్చింది అదే.

నిర్వాహకుడు: మంచి మాట. 'సిటీ లైట్స్'లోనూ తీసేయడానికి వేషం లేదు, మత్తులో ఆ లక్షాధికారే ఇచ్చిన డబ్బుకి దొంగతనం అంటగట్టించుకుని ఆ దేశదిమ్మరి జైలుకెళ్తాడు. ఆ ఘట్టం మీద ఇంకా ఎవరూ రాయలేదు, రేపటిదాకా ఆగుతాను.

గురులఘువు: నేను రాస్తాను. ఈసారి మనిషి కనిపిస్తాడు, చాటువు గారూ, ప్రాసయతి కూడా ఉంటుంది.