ట్రాఫిక్‌లో వేడెక్కుతున్న పాత ఇంజన్, రేడియేటర్‌లో తుప్పు నీళ్లు

ప్రశ్న
నాలుగు సిలిండర్ల పాత పెట్రోల్ ఇంజన్. బ్లాక్ ఇనుము, హెడ్ అల్యూమినియం, కూలెంట్ 5 లీటర్లు పడుతుంది. ఇన్నాళ్లూ మామూలు నీళ్లే పోశారు, థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కాకే నీళ్లను రేడియేటర్‌కి వదిలే వాల్వు) కూడా పీకేశారు. హైవే మీద సూది మధ్యలోనే ఉంటుంది, ట్రాఫిక్‌లో ఆగితే పైకి పోతోంది. నీళ్లు ఇటుక రంగులో ఉన్నాయి. రేడియేటర్ మార్చాలా, కడిగితే చాలా?

జవాబు 1
ముందు ఫ్యాన్ చూడండి. బండి వేగంగా పోతున్నప్పుడు గాలి దానంతటదే తగులుతుంది, ఆగినప్పుడు ఆ పని ఫ్యాన్‌దే. ఎలక్ట్రిక్ ఫ్యాన్‌కి రెండు వైర్ల థర్మో స్విచ్ (నీళ్లు వేడెక్కితే ఫ్యాన్‌ని ఆన్ చేసేది) ఉంటే ప్లగ్ పీకి, ఇగ్నిషన్ ఆన్ చేసి, ఆ వైర్లను చిన్న తీగతో కలపండి. ఫ్యాన్ తిరిగిందంటే మోటారు బాగున్నట్టే, ఇక అనుమానం స్విచ్ మీదే. నీళ్లు తగ్గి స్విచ్ గాలిలో ఉన్నా ఫ్యాన్ తిరగదు, అందుకే ముందు మట్టం చూసుకోండి. బెల్టు ఫ్యాన్ అయితే వేడి ఇంజన్ ఆపాక చేత్తో తిప్పండి. బిగువు లేకుండా గిరగిరా తిరిగితే విస్కస్ క్లచ్ (వేడెక్కినప్పుడు ఫ్యాన్‌ని గట్టిగా పట్టి తిప్పే భాగం) పోయింది.

జవాబు 2
థర్మోస్టాట్ పీకడం మందు కాదండీ. చాలా ఇంజన్లలో అది తెరుచుకున్నప్పుడు దాని అడుగు పళ్లెం బైపాస్ దారిని మూస్తుంది. అది లేకపోతే వేడి నీళ్లలో కొంత రేడియేటర్‌కి పోకుండానే పంపులోకి తిరిగొస్తాయి.

ఇంజన్ పూర్తిగా చల్లారాకే మూత తీయండి. హీటర్‌ని ఫుల్ వేడికి పెట్టి, రేడియేటర్ కింది హోస్‌తో పాటు బ్లాక్ డ్రెయిన్ బోల్టు కూడా విప్పండి. బురదంతా బ్లాక్ అడుగునే పేరుకుంటుంది, ఆ బోల్టు వదిలేస్తే కడిగినా ఫలితం ఉండదు. హోస్‌తో నీళ్లు మామూలు దిశకు ఎదురు పెట్టండి, తేటగా వచ్చేదాకా.

కడిగిన నీళ్లు కొన్ని లోపలే మిగులుతాయి. అందుకే ముందే కలిపి పోయకండి. ముందు 2.5 లీటర్ల కాన్సంట్రేట్ (నీళ్లు కలపని కూలెంట్) పోసి, మిగతాది డిస్టిల్డ్ వాటర్‌తో నింపితే 50:50 పాళ్లు కుదురుతాయి. కుళాయి నీళ్లలోని సున్నం పొర కడుతుంది. రెండు రకాల కూలెంట్లు కలపకండి, కొన్ని జంటలు గడ్డకడతాయి.

ప్రశ్న అడిగినవారు
కొత్త థర్మోస్టాట్ 82 డిగ్రీలదా, 88దా?

జవాబు 3
మాన్యువల్‌లో ఉన్నదే వేయండి. బిగించే ముందు నీళ్ల గిన్నెలో థర్మామీటర్‌తో పాటు వేలాడదీసి కాచండి, దాని మీద రాసిన వేడికి అటూఇటూగా తెరుచుకోవాలి. చిన్న గాలి రంధ్రం ఉంటే అది పైకి రావాలి, లేదంటే గాలి బుడగ చిక్కుకుంటుంది.

మూత రబ్బరు కూడా చూడండి. 0.9 బార్ మూత సరిగా పట్టుకుంటే మామూలు నీళ్లు కూడా దాదాపు 118 డిగ్రీల దాకా మరగవు. పట్టు పోతే 100 దగ్గరే మరుగుతాయి. పంపు కింది చిన్న రంధ్రంలోంచి చెమ్మ కారుతుంటే సీల్ అయిపోయింది.

ఇవన్నీ చేశాక కూడా గాలి తీసేసిన రేడియేటర్‌లో బుడగలు ఆగకుండా వస్తుంటే, కొత్త రేడియేటర్ కొనకండి. హెడ్ గ్యాస్కెట్ (హెడ్‌కీ బ్లాక్‌కీ మధ్య ఉండే సీల్) పరీక్ష చేయించండి. ఇకమీదట ఎప్పుడైనా పాత కూలెంట్ తీస్తే మూత ఉన్న డబ్బాలో పెట్టండి. అందులోని ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కుక్కలు నాకితే ప్రాణం పోతుంది.