కంపెనీ చేతులెత్తేస్తే ఒంట్లో ఉన్న ఇంప్లాంట్ సంగతేంటి?

ప్రశ్న: ఆర్గస్ 2 గురించి చదివాక మనసు బాలేదండి. చూపు పోయినవాళ్ళ కంట్లో 60 ఎలక్ట్రోడ్లు పెట్టే ఇంప్లాంట్, అమెరికాలో 2013లో పర్మిషన్ వచ్చింది, 350 మందికి పైగా పెట్టించుకున్నారు, తీరా 2019లో దాన్ని చేసే సెకండ్ సైట్ కంపెనీ తయారీ ఆపేసింది. దీని రీసెర్చ్‌కి ఎన్ఐహెచ్ (అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ) డబ్బులు కూడా వెళ్ళాయి కదా, మరి ఫండింగ్ ఇచ్చినవాళ్ళకి బాధ్యత లేదా?

రిప్లై 1: గ్రాంట్ కొన్నేళ్ళకి అయిపోతుంది, ఇంప్లాంట్ మాత్రం ఒంట్లోనే ఉంటుంది, తిరకాసంతా అక్కడే.

రిప్లై 2: ఎన్ఐహెచ్ వాళ్ళ మెదడు రీసెర్చ్ ప్రోగ్రామ్ బ్రెయిన్ ఇనిషియేటివ్‌కి న్యూరోఎథిక్స్ గ్రూప్ (ఇలాంటి రీసెర్చ్‌లో మంచిచెడ్డల మీద సలహా ఇచ్చేది) ఉంది బ్రో, ఎథిక్స్ రీసెర్చ్‌కి విడిగా గ్రాంట్లూ ఇస్తారు. కానీ సలహా వేరు, రిపేర్ ఖర్చు వేరు. నన్నడిగితే ట్రయల్ అయ్యాక పార్ట్స్‌కీ, తీసేసే ఆపరేషన్‌కీ ఎవరు పెట్టుకుంటారో రాసివ్వందే గ్రాంట్ మొదటి విడత రిలీజ్ చేయకూడదు.

రిప్లై 3: ఆర్గస్ 2లో కెమెరా బొమ్మని ఇంప్లాంట్‌కి సిగ్నల్‌గా మార్చే, నడుముకి తగిలించుకునే ప్రాసెసర్ పాడైతే స్పేర్ కోసం తిప్పలు పడ్డారు పాపం, అది లేకపోతే మళ్ళీ చీకటే.